పరువు కోసం దాచిన వాపు

కోనసీమలో ఒంటి మీద వాపు కనబడితే రెండే తీర్పులు. కాలికైతే బోదకాలు, మొహానికైతే రొయ్య పడలేదు. ఈ రెండిట్లో దేనికీ చెందని వాపు ఇంకొకటుంది. పిల్లాడి పెదవినో చేతినో రెండు మూడు రోజులు పట్టుకుని దానంతటదే దిగిపోతుంది. దురద ఉండదు, దద్దుర్లు ఉండవు. కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. దాని పేరు వంశపారంపర్య యాంజియోఎడీమా.

రక్తంలో సీ1 ఇన్హిబిటర్ అనే ప్రొటీన్ కొరవడి, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరేలా చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థం పెచ్చుమీరితే వచ్చే వాపిది. హిస్టమిన్‌తో వచ్చే ఎలర్జీ వాపు కాదు కాబట్టి ఆర్‌ఎంపీ పొడిచే అవిల్, డెక్సా పనిచేయవు. పేగులు వాస్తే విపరీతమైన కడుపునొప్పి. అపెండిసైటిస్ అనుకుని అనవసరంగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లున్నారు. గొంతు వాస్తే ఊపిరే ఆగిపోవచ్చు. లంక గ్రామంలో అర్ధరాత్రి అలా జరిగితే, పెద్దాసుపత్రికి చేరేలోపు ముందు రేవు దాటాలి.

యాభై వేల మందిలో ఒకరికొచ్చే జబ్బుకు ఇంత గోలెందుకు, డెంగీ సంగతి చూడండి అంటారు. చూడాల్సిందే. కానీ 2011 లెక్కల్లో ఉమ్మడి ఉభయ గోదావరి జిల్లాల జనాభా దాదాపు 90 లక్షలు. అంటే 180 మంది దాకా ఉండాలి. ఏరీ వాళ్లు?

ఇళ్లలోనే ఉన్నారు, నోరు మెదపకుండా. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. నాలుగింట మూడు కేసుల్లో వంశంలో ముందే ఉంటుంది. ఒకే కుటుంబంలో ఐదు తరాల పాటు ఇది నడిచిన తీరును విలియం ఆస్లర్ అనే వైద్యుడు 1888లోనే రాసిపెట్టాడు. మన పెద్దలకేం తక్కువ? సంబంధం అనగానే ఏడు తరాల ఇంటిపేర్లూ, కొబ్బరితోట ఎన్ని సెంట్లో కూడా తవ్వితీస్తారు. మామ్మ గొంతు పట్టేసి పోయిందన్న మాట మాత్రం గడప దాటనివ్వరు. దాటితే చెల్లెలి పెళ్లి ఆగిపోతుందట! డాక్టరు వంశపారంపర్యం అంటే 'మాది మేనరికం కాదండీ' అని దులిపేసుకుంటారు. మేనరికానికీ దీనికీ సంబంధమే లేదు. ఇక తప్పెవరిది? అలవాటు ప్రకారం కోడలిదే.

ఈ గుట్టులో నలిగేది బిడ్డ. బళ్లో అడిగితే కందిరీగ కుట్టిందని చెప్పమని నేర్పుతాం. మూడు రోజుల తర్వాత మామూలు మొహంతో వెళితే, నాటకాలాడుతున్నాడని మాస్టారు అనుకుంటారు. పరీక్షల ఒత్తిడి కూడా వాపును రేపగలదు. పన్ను పీకించినా రావచ్చు. ఆడపిల్లలకు ఈడేరే వయసులో తరచు ఎక్కువవుతుంది. అసలు వాపు కంటే అది మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ ఎక్కువ రోజులు తింటుంది. ఆటలూ, ఊరికెళ్లడాలూ, స్నేహితుల ఇళ్లలో పడుకోవడాలూ ఒక్కొక్కటే ఆ బెంగకు పోతాయి.

ఈ జబ్బుకు వాడే ఖరీదైన ఇంజెక్షన్ల గురించి ప్రభుత్వాన్ని నిలదీయాలి, నిలదీద్దాం. అంతకుముందు సీ4 అనే రక్తపరీక్షతో మొదలుపెట్టి అనుమానం తేల్చుకోవచ్చు. తేలితే బిడ్డకే కాదు, అన్నదమ్ములకూ, మేనత్తకూ, భీమవరంలో ఉన్న బాబాయికీ చేయించాలి. బడి సంచిలో తెలుగులో ఒక కార్డు ఉండాలి: ఇది ఎలర్జీ కాదు, గొంతు బిగిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. వాళ్ల మామ్మ ఎలా పోయిందో కూడా అందులోనే ఒక వాక్యం రాయండి. వైద్యం చేసే డాక్టరుకు అది కావాలి.