తిమింగలాల తిండిపై తక్షణం విచారణ జరపాలి

సముద్రంలో చేపలు తగ్గిపోతున్నాయి. తప్పెవరిదో తేలాలి. ముందే తేల్చుకుని విచారణ మొదలుపెడితే పని త్వరగా అవుతుంది కాబట్టి ముద్దాయిగా తిమింగలాన్ని ప్రతిపాదిస్తున్నాను. ఈ ఘనత నాది కాదు. మనం తినాల్సిన చేపల్ని తిమింగలాలు తినేస్తున్నాయని జపాన్‌లో వేటను సమర్థించేవాళ్లు ఏనాటి నుంచో మొత్తుకుంటున్నారు.

సాక్ష్యం కావాలా? వేసవి రాగానే కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డుకు కేపెలిన్ చేపలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి వెనకే హంప్‌బ్యాక్ తిమింగలాలు దిగుతాయి. పిలుపు లేదు, విస్తరి వేసే వేళకు మాత్రం హాజరు! కుట్ర లేకుండా ఇంత టైమింగ్ కుదురుతుందా? అదే తీరంలో కాడ్ చేపలు అడుగంటితే 1992లో కెనడా ప్రభుత్వం వాటి వేటనే ఆపేయాల్సి వచ్చింది. అంతకుముందు దశాబ్దాల తరబడి పెద్ద వలలు లాగే ట్రాలర్ ఓడలు అక్కడ ఏం చేశాయని కొందరు అడుగుతారు. దయచేసి విషయాన్ని పక్కదారి పట్టించొద్దు.

అలాస్కా కేసు ఇంకా ఘోరం. అక్కడి హంప్‌బ్యాక్‌లు గుంపుగా చేరి, హెర్రింగ్ చేపల చుట్టూ నీటిలో బుడగలు వదిలి, వాటిని మధ్యకు తోలి, కింది నుంచి నోరు తెరుచుకుని లేస్తాయి. బుడగలతో వల! లైసెన్సు లేదు, వల కన్ను ఎంతుండాలో కొలత లేదు. మనం వేస్తే వృత్తి, అవి వేస్తే దోపిడీ. ఈ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇక అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రం సంగతి కాస్త ఇబ్బందికరం. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో 20 లక్షలకు పైగా తిమింగలాలను చంపాం. తినే నోళ్లు అన్ని తగ్గితే, రొయ్యల్లా ఉండే క్రిల్ పొంగిపొర్లాలి కదా? అలా జరగలేదు. తిమింగలాల మలంలోని ఇనుము వల్ల సముద్రంలో సూక్ష్మ మొక్కలు పెరుగుతాయనీ, వాటిని తినే క్రిల్ బతుకుతుందనీ శాస్త్రవేత్తలు అంటున్నారు. అంటే బహిరంగ మలవిసర్జనకు ఎరువని ముద్దుపేరు పెట్టారన్నమాట. దీన్ని రెండో నేరంగా నమోదు చేయాలి.

నోటీసులు మాత్రం వేసవిలోనే అందించాలి. చలికాలానికి అలాస్కా ముద్దాయిలు చాలామంది వేల కిలోమీటర్లు ఈదుకుంటూ హవాయి చేరి, అక్కడ నెలల తరబడి దాదాపు ఏమీ తినకుండా పిల్లల్ని సాకుతుంటాయి. నిరాహార దీక్షలో ఉన్న బాలింతలకు తిండిపోతులని నోటీసిస్తే ఫొటోలో మనమే బాగుండం.