సేఫ్టీ కోసమే కొన్నాడట మా బావ

దసరాకి మా బావ కొత్త బండి దించాడు. తెల్ల ఎస్‌యూవీ. నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి సెల్లార్‌లో పెడితే, పక్కనున్న నా పాత చిన్న కారు దాని పిల్లలా కనపడింది. "పిల్లలున్న ఇల్లు బామ్మర్దీ, సేఫ్టీ చూసుకోవాలి. ఫైవ్ స్టార్!" అన్నాడు.

సరే, ఎవరికి సేఫ్టీ?

నా కారు 700 కిలోలు, బావది 2,100 అనుకుందాం. ఇద్దరం 60లో ఎదురెదురుగా గుద్దుకున్నాం. రెండూ అతుక్కుపోయి, బావ వస్తున్న దిశలోనే 30 వేగంతో ముందుకు పోతాయి. అంటే బావ వేగం 60 నుంచి 30కి తగ్గింది, అంతే. నేను మాత్రం 60లో ముందుకి వెళ్తున్నవాణ్ణి, 30లో వెనక్కి పోతున్నాను. కుదుపు ఆయనకి 30, నాకు 90. ప్రాణం తీసేది ఆ కుదుపే. బరువు కాపాడదా అంటే కాపాడుతుంది, అబద్ధమెందుకు. కాకపోతే ఆయనకి తగ్గిందంతా నా లెక్కలో పడింది.

ఇక ఆ స్టార్లు, అంటే క్రాష్ టెస్టులో బండికిచ్చే మార్కులు. బండిని 64 కిలోమీటర్ల వేగంతో కదలని అడ్డుకి గుద్దించి చూస్తారు. అది దాదాపు తన బరువే ఉన్న ఇంకో బండిని గుద్దినట్టు. కాబట్టి చిన్న కారు ఐదు స్టార్లూ పెద్ద బండి ఐదు స్టార్లూ ఒకటి కాదు. పైగా ఆ స్టార్లు లోపల కూర్చున్న పెద్దలకీ పిల్లలకీ. బయటున్నవాళ్ల సంగతి?

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. ప్రతి 100 మందిలో 44 మంది టూవీలర్ వాళ్లు, మరో 19 మంది నడిచి పోతున్నవాళ్లు. బండి బానెట్ కిందకి ఉంటే తగిలేది కాళ్లకి, మనిషి బానెట్ మీద పడతాడు. ఎత్తుగా ఉంటే ఛాతీకి తగులుతుంది, మనిషి చక్రాల కిందకి పోతాడు. 40 అంగుళాలకి మించి ఎత్తున్న బానెట్లు, 30 లోపు వాలుగా ఉన్నవాటికంటే పాదచారులని దాదాపు 45 శాతం ఎక్కువగా చంపే అవకాశం ఉందని అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ఐఐహెచ్ఎస్ సంస్థ 2023లో తేల్చింది.

ఇది చాలదన్నట్టు బావ వారం తిరక్కుండానే ముందు ఇనప గార్డు తగిలించాడు. అవి వద్దని కేంద్రం 2017లోనే చెప్పింది బావా అంటే, "అందరికీ ఉన్నాయిగా" అన్నాడు.

సరే, బరువే రక్ష అనుకుందాం. ఆర్టీసీ బస్సుకి ఉన్నంత బరువు మన కార్లలో దేనికుంది? 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ బస్సుని గుద్దితే 19 మంది పోయారు. కంకరంతా బస్సులో వాళ్ల మీదే పడింది. నీకంటే బరువైనది ఒకటి ఎప్పుడూ ఎదురొస్తూనే ఉంటుంది.

మన పన్నులు కూడా విచిత్రం. ఇంజను చిన్నదై, పొడవు 4 మీటర్లు మించకపోతే జీఎస్టీ 18 శాతం, దాటితే 40. ఆ 4 మీటర్లలోనే బానెట్‌ని ఎంత ఎత్తు లేపినా, ఎంత బరువు పెంచినా అడిగే నాథుడు లేడు. ఫ్రాన్స్‌లో 2022 నుంచి బండి బరువు చూసి మరీ పన్ను వేస్తున్నారు. ఇక్కడ ఆ మాటంటే కొట్టేలా ఉన్నారు.

మొన్న ఆదివారం వాదన ఎంతకీ తేలక, సెల్లార్‌కి తీసుకెళ్లి బావని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. ఐదేళ్ల మా పాపని బానెట్‌కి ఆనించి నిలబెట్టాను.

"పాపేది?" అన్నాడు.

"నీ ముందే."

"ఏదీ?"

పాప ఎగిరింది. రెండు పిలకలు, ఎర్ర రిబ్బన్లు కనపడి మాయమయ్యాయి. దానికి ఆట దొరికింది, ఇంకా ఎగురుతోంది. బావ నవ్వలేదు. కాసేపు స్టీరింగ్ మీద చెయ్యేసుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత కిందకి దిగి, "ముందు కెమెరా పెట్టిస్తాలే" అన్నాడు. లిఫ్ట్‌లో మాత్రం నా భుజం తట్టి, "నువ్వూ ఒకటి కొనెయ్ బామ్మర్దీ, ఈ గొడవే ఉండదు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అడిగింది, "ఈఎంఐ ఎంత పడుతోంది అన్నయ్యా?"