పొయ్యికి పళ్ళు చూడటం ఎలా?

మా ఇంటి పొయ్యి చరిత్ర క్లుప్తంగా ఇది. నాయనమ్మ తుమ్మకట్టెల పొగలో కళ్ళు నులుముకుంటూనే ముసలిదైపోయింది. అమ్మకు 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చింది. ఆ సాయంత్రమే ఊదుగొట్టాన్ని అటక మీదికి విసిరేసి, ఇక ఈ జన్మలో కట్టెపుల్ల ముట్టనని ఒట్టేసుకుంది. ఆమె కొడుకునైన నేను ఇంజినీరింగ్ చదివి, అప్పుచేసి విమానమెక్కి, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లు కొని, ఆ ఇంటి హాల్లో కట్టెల పొయ్యి పెట్టాలని తీర్మానించాను. అదీ ఎవరో వాడి వదిలేసింది. అభివృద్ధి మీద ఉపన్యాసాలిచ్చే పెద్దలు మా కుటుంబాన్ని ఒకసారి పరిశీలించాలని మనవి.

ఈ తీర్మానం వెనక గట్టి ఆర్థికశాస్త్రం ఉంది. ఈ వైపు చాలా ఇళ్ళలో సెల్లారులో, ఇంటిని వెచ్చబెట్టడానికి కాల్చే నూనె ట్యాంకు ఉంటుంది. లారీ వచ్చి నింపుతుంది, గుమ్మానికి బిల్లు తగిలించి పోతుంది. జనవరి బిల్లు చూడగానే నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ నెలలో పూర్తిస్థాయిలో పనిచేసిన హీటింగు అదొక్కటే. ఇంటి వెనక చెట్లున్నాయి. చెట్లు నావి. కాబట్టి వేడి ఉచితం. ఈ లెక్కలో ఇంతవరకూ ఎవరూ తప్పు పట్టలేదు, నేను ఎవరికీ చూపించలేదు కనక.

పాత పొయ్యిని ఎంచుకోవడానికి మా తాత సంతలో ఎద్దును ఎంచుకునే పద్ధతిని మించింది లేదు. ముందు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. తరవాత సుడులు. ఆపైన నాలుగడుగులు నడిపించేవాడు. బేరం తువ్వాలు కింద, వేళ్ళ మీద. పొయ్యిని నడిపించడం కుదరదు. రెండొందల కిలోల పోత ఇనుము అది, దాన్ని నడిపించాలంటే నలుగురు స్నేహితులూ రెండు బకెట్ల బిరియానీ కావాలి. మిగతా పద్ధతంతా యథాతథం.

పళ్ళంటే లోపల పేర్చిన ఫైర్ బ్రిక్కులు, మంటకు తట్టుకునే ఇటుకలు. పగిలాయని బెంగపడక్కర్లేదు, చవకలో కొత్తవి దొరుకుతాయి. ఎద్దుకి లేని సౌకర్యం ఇది, పొయ్యి కట్టుడు పళ్ళతో కూడా నములుతుంది. అసలు చూడాల్సింది అంగిలి. పైన పొగను అడ్డుకునే పలక వంగిపోయి ఉంటే, ఆ పొయ్యిని ఎవరో ఎర్రగా కాలబెట్టి హింసించారని అర్థం. ఇక పగుళ్ళు. అమ్మేవాడి గరాజులో లైటార్పి, పొయ్యిలో టార్చి పెట్టి, తలుపు మూసి చుట్టూ తిరగాలి. వెలుతురు ఎక్కడ కారితే రేపు అక్కడి నుంచి గాలి దూరుతుంది. తలుపు అంచున గాజునారతో పేనిన తాడు ఉంటుంది. దాని మీద డాలరు నోటు పెట్టి, తలుపు బిగించి లాగాలి. సులువుగా జారి వచ్చిందా, తాడు అరిగిపోయినట్టు. ఒక్క డాలరు పెట్టి నిజం చెప్పించగలిగే చోటు ఈ దేశంలో ఇదొక్కటే మిగిలింది.

సుడి మాత్రం వీపు మీద ఉంటుంది, పొగ పరీక్షా భద్రతా పరీక్షా నెగ్గిందని చెప్పే రేకు ముక్క రూపంలో. పర్యావరణ సంస్థ ఈపీఏ 1988లో కట్టెల పొయ్యిల పొగకు నిబంధనలు పెట్టింది. కాటలిస్టు, అంటే పొగను మళ్ళీ కాల్చేసే భాగం, లేని పొయ్యికి గంటకు 7.5 గ్రాముల పొగధూళి దాకా అనుమతి ఉండేది. 2020 మే నుంచి అమ్మే కొత్తవాటికి 2 గ్రాములే, నిజం కట్టెలతో పరీక్ష చేస్తే 2.5. నాయనమ్మ పొయ్యి గంటకు ఎన్ని గ్రాములు వదిలేదో ఎవరూ తూచలేదు. 1973 చమురు సంక్షోభం తరవాత ఈ దేశం కట్టెల మీద పడ్డప్పుడు తయారైన ఫిషర్ కంపెనీ ఇనుప పెట్టెలు, పాపా బేర్, మామా బేర్, బేబీ బేర్ అని ఎలుగుబంట్ల పేర్లవి, ఇప్పటికీ సంతకొస్తుంటాయి. దిట్టమైన ఇనుమే, కాకపోతే నిబంధనల కంటే ముందు పుట్టాయి. ఒరెగాన్‌లో ఇల్లు అమ్మాలంటే, సర్టిఫికెట్ లేని పొయ్యిని ఊడబీకి తీరాలి. అది చట్టం.

ఇంత శాస్త్రం వంటబట్టించుకుని వెళ్ళినవాణ్ణి, నేను కొన్న పొయ్యి వీపు మీద రేకు లేదు. ఉండాల్సిన చోట నాలుగు మేకుల బెజ్జాలున్నాయి. ఒళ్ళంతా కొత్తగా నల్లరంగు పూశారు, జుట్టుకు రంగేసుకుని పెళ్ళిచూపులకొచ్చిన రెండో సంబంధంలా ధగధగలాడుతోంది. కానీ తలుపు మీద దుప్పి బొమ్మ ఉంది. దుప్పి కొమ్ముల్ని చూశాక పగుళ్ళు చూడటానికి మనసొప్పలేదు.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ కూడా నాతో గరాజుకొచ్చింది. అమ్మేవాడు ఎనభై దాటిన పెద్దమనిషి. ముప్పై ఏళ్ళు తమ ఇంటిని ఇదే వెచ్చగా ఉంచిందని పొయ్యిని నిమిరాడు.

"అంత మంచిదైతే ఎందుకు అమ్ముతున్నాడో అడగరా" అంది అమ్మ.

అడిగాను. హీట్ పంపు పెట్టించుకున్నాడట, కరెంటుతో ఇంటిని వెచ్చబెట్టే యంత్రం. మీట నొక్కితే చాలట, బూడిద ఎత్తక్కర్లేదట, రాత్రి రెండింటికి లేవక్కర్లేదట.

అమ్మకు తెలుగులో చెప్పాను. ఆయన్ని ఎగాదిగా చూసి, "అయితే ఈయనకీ దీపం వచ్చిందన్నమాట" అంది.

ఆ మాట ఆయనకు అనువదించలేదు. మూడొందల డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాను.

పావలా కోడికి ముప్పావలా మసాలా అని మనవాళ్ళు తక్కువ అంచనా వేశారు. పొగగొట్టానికి నాలుగువేల ఆరొందలు చెప్పారు. గొట్టం కప్పు దాటిన చోటు నుంచి మూడడుగుల ఎత్తు ఉండాలి, పది అడుగుల లోపల ఇంటి ఏ భాగం ఉన్నా దానికంటే రెండడుగులు పైకి పోవాలి. మా ఇంటికప్పు వాలు చూసి మేస్త్రీ ఆనందంగా ఈల వేశాడు. రేకు లేని పొయ్యి కాబట్టి మండే వస్తువేదైనా 36 అంగుళాల దూరంలో ఉండాలన్నాడు ఇన్‌స్పెక్టరు. ముందు సోఫా జరిగింది, తరవాత టీవీ, చివరికి దేవుడి మందిరం. ఇప్పుడు హాలు మధ్యన పొయ్యి చక్రవర్తిలా కొలువుదీరింది, మేమంతా గోడలకు ఆనుకుని సామంతుల్లా నిలబడుతున్నాం. బీమా కంపెనీకి ఫొటోలు పంపాను. వాళ్ళ ఉత్తరం మర్యాదగానే ఉంది, అంకెలే మారాయి.

పరిమాణం సంగతి మరిచాను. పొయ్యి ఎంత పెద్దదైతే అంత మేలని నా సిద్ధాంతం. పెద్దది పూర్తిగా మండితే ఇంట్లో బనీను మీద కూడా ఉండలేం. అందుకని గాలి తగ్గిస్తాం. గాలి తగ్గితే కట్టె మండక రాజుకుంటూ పొగ కక్కుతుంది. ఆ పొగ గొట్టంలో చల్లబడి తారులా అంటుకుంటుంది, క్రియోసోట్ అంటారు. అది బాగా పేరుకున్నాక ఒకరోజు దానికే నిప్పంటుకుంటుంది. అప్పుడు మాత్రం ఇల్లు నిజంగా వెచ్చగా ఉంటుంది. ఈ కారణంగా ఏటా గొట్టం మసి దులపడానికి ఒకాయన వస్తాడు. నూనె లారీ ఆయనకంటే చవక.

ఇక ఉచితమైన కట్టెల సంగతి. నరికిన చెట్టును చీల్చి, పేర్చి, ఆరునెలలో ఏడాదో ఎండబెట్టాలి. ఓక్ అయితే ఇంకా ఎక్కువ. తేమ 20 శాతం లోపుండాలి. నాకు చలి ఈ వారంలోనే ఉంది. అందుకని నా చెట్లు కిటికీలోంచి చూస్తుండగా కట్టెలు కొన్నాను. ఇక్కడ కట్టెల్ని కార్డు లెక్కన కొలుస్తారు. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు, మొత్తం 128 ఘనపుటడుగులు. బాగా ఎండినవని చెప్పి దింపిపోయారు.

నేను తేమ కొలిచే మీటరు బ్యాటరీ వెతుకుతుంటే, అమ్మ రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది.

"ఠంగుమనాలిరా. ఇవి బొద్దుమంటున్నాయి. పచ్చివి."

బ్యాటరీ దొరికింది. మీటరు 28 చూపించింది. సైన్సు అమ్మతో ఏకీభవించింది. ఆ రాత్రి కట్టెల చివర్ల నుంచి నురుగొచ్చింది, అద్దం నల్లబడి దుప్పి కూడా కనపడలేదు, పొగ అలారం మోగి పక్కింటి కుక్క ఏడ్చింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఒక్క మాటా అనలేదు. ఆ మౌనాన్ని నేను ఆమోదంగానే నమోదు చేసుకున్నాను.

ఈ ఏడు అమ్మ మళ్ళీ వచ్చింది. బోస్టన్ ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పించారట. ఆవకాయ డబ్బాల మధ్య, పాత చీరలో చుట్టి, మూరెడు ఇనుప గొట్టం. ఇదేమిటని ఆఫీసరు అడిగితే అమ్మకు ఇంగ్లీషులో మాట దొరకలేదట. గొట్టం అందుకుని, బుగ్గలు పూరించి, ఆయన ముందే ఊది చూపించిందట.