గెజిటెడ్ సంతకం లేని పాట

మా తాతగారు కరణం. సంతకం లేని కాగితం పొట్లం కట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదనేవారు. ఆ రక్తమే కాబట్టి, సంతకం లేని డ్రైవర్‌ను (తగిలించిన పరికరానికీ కంప్యూటర్‌కూ మధ్య మాట కలిపే ప్రోగ్రామ్‌ను) గుమ్మం దగ్గరే ఆపేసే కంప్యూటర్లను నేనూ మనస్ఫూర్తిగా సమర్థిస్తూ వచ్చాను. మొన్న శనివారం సాయంత్రం దాకా.

ఆ రోజు నా బల్ల మీదికి సబ్బుబిళ్లంత డబ్బా ఒకటి చేరింది. ఒక పక్క యూఎస్‌బీ వైరు, ఇంకో పక్క స్పీకర్ వైరు, నడుమ 28 కాళ్ల నల్లటి చిప్పు. దాని పేరు సిడ్, నంబరు 6581. 1982లో వచ్చిన కమడోర్ 64 కంప్యూటర్‌కు గొంతు ఇదే. బాబ్ యానెస్ అనే ఇంజనీరు దీన్ని డిజైన్ చేశాడు. ఉన్నవి మూడు గొంతులు, ఒక ఫిల్టర్. ఆ ఫిల్టర్ అనలాగ్ సరుకు కాబట్టి ఏ రెండు చిప్పులూ ఒకేలా పాడవు. జాడీ జాడీకీ రుచి మారే ఆవకాయ అనుకోండి.

ఈ చిప్పులకు నకిలీల బెడద ఉంది. ఇంకేదో చిప్పు మొహం గీకి, దాని మీద 6581 అని అచ్చేసి అమ్మేస్తారు. అందుకని బెంగళూరు ఎస్పీ రోడ్డులో బోర్డులు రిపేరు చేసే ఒక హిందూపురం ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. భూతద్దంలో చూసి, "ముద్రదేముంది సార్, ఎవడైనా కొడతాడు. పాడించి చూడండి, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు. నేను బయల్దేరే ముందు వోల్టేజీ మాత్రం కొలిచి పెట్టాడు. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు, 6581కి కావలసింది 12. దీని తర్వాత వచ్చిన సిడ్ చిప్పు 8580కి 9 చాలు, పొరపాటున దానికి 12 ఇచ్చామా, చిప్పు కాలిపోవచ్చు.

ఇంటికొచ్చి గుచ్చాను. కంప్యూటర్ టిడింగ్‌మని పలకరించింది, వెంటనే పసుపు త్రికోణం చూపించింది. కోడ్ 52. డ్రైవర్ సంతకాన్ని ధృవీకరించలేకపోతున్నానని దాని మనవి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే కాబోలు.

కానీ న్యాయం మాట్లాడుకుందాం. డ్రైవర్ అంటే వరండాలో కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లిపోయే చుట్టం కాదు. విండోస్ నడిబొడ్డైన కెర్నెల్‌లోకి, అంటే సరాసరి పడకగదిలోకి, చెప్పులతో నడిచి వస్తాడు. అలాంటివాణ్ని నువ్వెవరని అడగొద్దా? విస్టా అనే పాత విండోస్ 64 బిట్ రకం నుంచే ఈ ప్రశ్న అడుగుతోంది. 2016 నుంచి కొత్త డ్రైవరైతే మైక్రోసాఫ్ట్ పోర్టల్‌కు వెళ్లి మరీ ముద్ర వేయించుకు రావాలి. ఆ పోర్టల్ గడప తొక్కాలంటే, ఈ సంతకం పెట్టినది ఫలానావారని చెప్పే ఖరీదైన సర్టిఫికెట్ ఒకటి కొనాలి. దాన్ని అమ్మేవాళ్లు ముందు మీ కంపెనీ రిజిస్ట్రేషన్ చూపించమంటారు. నా డ్రైవర్ రాసినవాడికి కంపెనీ ఎక్కడిది? ఆదివారాలు తీరిక చేసుకుని, పది మంది పిచ్చివాళ్ల కోసం రాసిపెట్టిన మనిషి. ఇంత పాత చిప్పుకు పెద్ద కంపెనీలు డ్రైవర్ రాయవు, రాసినవాడిది నడవనివ్వవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఇక్కడ మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ గేటు సంగతి చెప్పాలి. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, ఊరు, సంతకం లేనిదే ఎవరినీ లోపలికి పంపరు. పోయినేడు కడప నుంచి మా బాబాయి గోంగూర పచ్చడి జాడీతో వచ్చి, ఎండలో అరగంట నిలబడి, ఒళ్లు మండి రాసేశాడు. పేరు శ్రీకృష్ణదేవరాయలు, ఊరు హంపి. సెక్యూరిటీ అబ్బాయి వినయంగా లిఫ్ట్ చూపించాడు. గడి ఖాళీగా లేదు కదా, అతనికి అంతే కావాలి.

పెద్దవాళ్ల గేట్లూ అంతే. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, ఇరాన్ అణు కర్మాగారంలో సెంట్రిఫ్యూజులను పాడుచేసిన వైరస్, గోడ దూకి లోపలికి రాలేదు. దాని డ్రైవర్ల మీద శుభ్రంగా సంతకం ఉంది. ఒక సర్టిఫికెట్ రియల్‌టెక్ నుంచి దొంగిలించింది. రియల్‌టెక్ అంటే సగం కంప్యూటర్లలో సౌండ్ చిప్పు చేసేవాళ్లే. నా పక్కనున్న సౌండ్ చిప్పు మాత్రం బయట నిలబడి ఉంది.

చట్టంలోనే దారి వెతికాను. కంప్యూటర్‌ను ప్రత్యేక పద్ధతిలో రీస్టార్ట్ చేసి ఎఫ్ 7 నొక్కితే సంతకాల తనిఖీ ఆపుతుంది, మళ్లీ రీస్టార్ట్ అయ్యేదాకా. నొక్కాను. డ్రైవర్ లోపలికి వెళ్లింది. కరెంటు పోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ పోయింది. ఇది సంధ్యావందనంలా రోజూ చేసే పని కాదని, డ్రైవర్లను పరీక్షించుకోవడానికి విండోస్‌లో ఉన్న టెస్ట్ మోడ్‌కు దిగాను. అందుకు, కంప్యూటర్ నిద్ర లేచేటప్పుడే సంతకాలు చూసే సెక్యూర్ బూట్‌ను ఆపాలి. ఆపగానే కంప్యూటర్ నన్నే గుర్తుపట్టడం మానేసి, డిస్కుకు కాపలా కాసే బిట్‌లాకర్ 48 అంకెల తాళం అడిగింది. ఆ అంకెలు భద్రంగా దాచింది ఆ కంప్యూటర్‌లోనే. తప్పు నాదే. మా ఆవిడ ఎప్పుడో ప్రింటు తీసి గ్యాస్ బిల్లుల ఫైల్లో పెట్టబట్టి బతికిపోయాను.

టెస్ట్ మోడ్‌లో ఉన్న సౌకర్యం ఏమిటంటే, సర్టిఫికెట్ మనమే తయారుచేసుకోవచ్చు. నోటరీ మనమే, సాక్షి మనమే. డ్రైవర్ కోడ్‌లో ఒక్క లైను చదవలేదు, చదివినా అర్థం కాదు. జారీ చేసినవారి పేరు అడిగింది. ఒక్క క్షణం బాబాయి గుర్తొచ్చాడు. టైప్ చేశాను. కంప్యూటర్ కిక్కురుమనలేదు.

ఈసారి త్రికోణం లేదు. మూడు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడుతూ, పాత వీడియో గేమ్ పాట ఒకటి గరగరలాడుతూ మొదలైంది. ఎస్పీ రోడ్డు ఆయన అడిగిన సాక్ష్యం దొరికింది, చిప్పు అసలుదే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కాసేపు విని, "మిక్సీకి ఇన్ని సంతకాలు అడగలేదే" అంది. తర్వాత స్క్రీన్ మీద తెరిచి ఉన్న సర్టిఫికెట్ వైపు వంగి పైకే చదివింది. "జారీ చేసినవారు శ్రీకృష్ణదేవరాయలు, హంపి. చెల్లుబాటు 2039 డిసెంబర్ 31 దాకా."