అణుబాంబు వస్తోంది, అటుకులు సిద్ధం చేసుకోండి

ఒడిశాలో ఉన్న మన గంజాం జిల్లాను ఎవరూ పట్టించుకోరని ఇక్కడి తెలుగువాళ్ళకి ఎప్పటినుంచో ఒక బాధ. భువనేశ్వర్‌కి మనం తెలుగువాళ్ళం, అమరావతికి మనం ఒడిశావాళ్ళం. ఈ బాధకి 2025 మే 7న కాస్త ఉపశమనం దొరికింది. యుద్ధం వస్తే ఏం చేయాలో జనానికి అలవాటు చేయడానికి కేంద్రం దేశవ్యాప్తంగా మాక్ డ్రిల్ పెట్టింది. ఆ జాబితాలో మన గోపాల్‌పూర్ పేరు ఉంది. శత్రువు కంటపడే యోగ్యత మనకు ఉందని ఢిల్లీ రాతపూర్వకంగా ఒప్పుకుందన్నమాట. సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురంలో చుట్టాలున్న వాళ్ళు ఆ సాయంత్రం ఫోన్ చేసి మరీ చెప్పారు. ఇచ్ఛాపురం పేరు జాబితాలో లేదు.

యోగ్యత గురించి అనుమానం అక్కర్లేదు. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, పోర్టు ఉంది. ఛత్రపురంలో సముద్రపు ఇసుక నుంచి మోనజైట్ అనే ఖనిజం తీసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం ఉంది. మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంటుంది. ఆ ఇసుక ఉన్నచోట రేడియేషన్ సహజంగానే మామూలు కంటే ఎక్కువ, కాబట్టి మిగతా దేశం కంటే మనకు ముందునుంచీ ప్రాక్టీసు ఉంది. అన్నిటికీ మించి, 1974 మే 18న పోఖ్రాన్‌లో మొదటి అణుపరీక్ష జరిగినప్పుడు రాష్ట్రపతి ఎవరు? బరంపురంలో పుట్టిన వి.వి.గిరి. ఇంతకంటే పెద్ద సిఫారసు ఎవరు తేగలరు?

జిల్లా సరే, ఇళ్ళ సంగతే తేలాలి. మనకు తెలిసిన ప్రళయం తుఫాను ఒక్కటే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ వచ్చింది. అందుకే బాంబు మాట ఎత్తగానే మా వీధి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, "పోర్టులో ఎన్నో నంబరు ఎగరేసేరు?" నవ్వకండి, మంచి ప్రశ్నే. ప్రమాద సూచికల్లో పదో నంబరే ఆఖరుదని చాలామంది అనుకుంటారు. పదకొండు కూడా ఉంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. అణుయుద్ధం కోసం కొత్త నంబరు కనిపెట్టే శ్రమ ప్రభుత్వానికి తప్పింది.

తుఫానుకి మర్యాద తెలుసు. ఎక్కడో అండమాన్ దగ్గర పుట్టి, పేరు పెట్టించుకుని, నాలుగు రోజులు టీవీలో కనిపించి, అప్పుడు గడప తొక్కుతుంది. ఆలోగా కొవ్వొత్తులు, అటుకులు, బెల్లం తెచ్చుకోవచ్చు, మోటారు వేసి ట్యాంకు నింపుకోవచ్చు. ఫైలిన్ ముందు దాదాపు 10 లక్షల మందిని తరలించగలిగారంటే అది ఇచ్చిన గడువు వల్లే. క్షిపణి ఇచ్చేది నిమిషాలు. కుక్కరు నాలుగు కూతలు కూసేలోపు ఇంటిల్లిపాదీ ఒక గదిలో చేరాలి. మనవాళ్ళు పెళ్ళికి బయల్దేరే తీరు చూసినవాళ్ళెవరూ ఇలాంటి ప్రణాళిక రాయరు.

ఏ గదిలో చేరాలన్నది అసలు గొడవ. 2013 జనవరిలో కశ్మీర్‌లో పోలీసువాళ్ళు పేపర్లో ప్రకటన వేశారు. అణుదాడి నుంచి బతకాలంటే ఇంటికింద నేలమాళిగ కట్టుకోండి, కుటుంబమంతా రెండు వారాలు ఉండేలా, మరుగుదొడ్డితో సహా కట్టుకోండి అని. సలహాలో తప్పేం లేదు. కానీ మన పాత వీధుల్లో ఒక ఇంటి గోడ ఎక్కడ ఆగి పక్కింటి గోడ ఎక్కడ మొదలవుతుందో కోర్టులకే ఇంకా తేలలేదు. నేలమాళిగ తవ్వితే పక్కింటివాళ్ళ వంటగదిలో తేలినా తేలతాం. అద్దె ఇళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. దేవుడి పటానికి మేకు కొట్టడానికే ఒప్పుకోని ఓనరుని గొయ్యి తవ్వుకుంటామని అడగడానికి బాంబుని మించిన ధైర్యం కావాలి.

పునాదుల జోలికి పోకుండా 1980లో బ్రిటన్ ప్రభుత్వం తన ప్రజలకి ఇంకో దారి చెప్పింది. ఇంట్లో తలుపులు ఊడదీసి, లోపలి గోడకి ఏటవాలుగా ఆనించి, వాటిమీద మట్టి నింపిన సంచులు పేర్చి, ఆ కింద దూరమన్నారు. కిటికీ అద్దాలకి తెల్లరంగు వేయమన్నారు. రంగు సంగతి మనకు కొత్త కాదు, బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర వస్తే ఎలాగూ వేస్తాం. తలుపుల దగ్గరే ఆగిపోయాం. వీధి తలుపు తీస్తే దొంగలు. బాత్రూం తలుపు ప్లాస్టిక్‌ది, దానికి గాలి ఆగడమే గొప్ప. మిగిలింది దేవుడి గది తలుపు. గట్టి టేకు. దాని మీద మా అమ్మ తీర్పు: "లోకం ములిగిపోయినా సరే, ఆ తలుపు ముట్టుకున్నారంటే ఊరుకోను." లోకం మునగడం గురించే మాట్లాడుతున్నామని చెప్పినా లాభం లేకపోయింది.

మట్టి లెక్క మాత్రం శాస్త్రీయం. గట్టిగా దట్టించిన మట్టి సుమారు 9 సెంటీమీటర్ల మందం ఉంటే గామా కిరణాలు సగమవుతాయి. ఇంకో 9 వేస్తే అందులో సగం. పదిసార్లు సగం చేస్తే వెయ్యో వంతు మిగులుతుంది, అంటే మనిషి నడుము ఎత్తున మట్టి. ఇంత మట్టి బరంపురం మధ్యలో ఎక్కడ దొరుకుతుందని అడక్కండి. కాలవలు పూడిక తీసి, తీసిన మట్టి గట్టునే వదిలేస్తారు కదా, అది పౌర రక్షణ కోసమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

మన ఇళ్ళు ప్రపంచానికి పాఠం చెప్పగల అంశం ఒకటుంది. బాంబు ధూళి ఒంటిమీద పడితే పైబట్టలు గడప బయటే విప్పేస్తే 90 శాతం దాకా పోతుందని అమెరికా నిపుణులు రాశారు. తర్వాత ఏమీ తాకకుండా తలస్నానం చేయాలి, విడిచిన బట్టలు మనుషులకి దూరంగా పెట్టాలి. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళని పెరట్లోనే ఆపి మన ముసలమ్మలు చేయించేది ఇదే. జుట్టుకి కండిషనర్ మాత్రం వాడొద్దన్నారు, ధూళి వెంట్రుకలకి అంటుకుపోతుందట. కుంకుడుకాయ మీద నిషేధం ఏమీ లేదు. పేలిన గంటకి ఉన్న రేడియేషన్ 7 గంటలకి పదో వంతు, 49 గంటలకి నూరో వంతు, రెండు వారాలకి వెయ్యో వంతు అవుతుందన్న లెక్క కూడా మా వీధి ముసలమ్మలకి ఇట్టే ఎక్కింది. మైల లెక్క వాళ్ళకి ఒకరు చెప్పాలా! ముట్టుకోకుండా దూరంగా ఉంచడంలో తరాల అనుభవం ఉన్న జాతి మనది. కాకపోతే ఇన్నాళ్ళూ దాన్ని తోటి మనుషుల మీద వాడుకున్నాం.

రేడియేషన్‌కి వేసుకునే మాత్రల సంగతి రెండు ముక్కల్లో ముగిద్దాం. పొటాషియం అయోడైడ్, పెద్దవాళ్ళకి 130 మిల్లీగ్రాములు. కాపాడేది ఒక్క థైరాయిడ్‌నే. అయోడిన్ ఉప్పు గుప్పెళ్ళతో మింగితే బీపీ తప్ప ఏమీ పెరగదు.

ఇక పధ్నాలుగు రోజులు ఒకే గదిలో ఉండటం. తిండికి ఢోకా లేదు. విపత్తు ఏదైనా ఒడిశాలో ప్రభుత్వం పంచేది అటుకులూ బెల్లమే, మన ఊళ్ళో అప్పడాలకీ ఆవకాయకీ లోటు లేదు. కానీ పాత ఇంటి వాటాల గొడవతో ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే టేకు తలుపు కింద రెండు వారాలు గడపాలి. రేడియేషన్ తగ్గే లెక్క ఉంది గానీ దీనికి లెక్క ఎవరూ కట్టలేదు.

ఇదంతా చూసి, ఇల్లాళ్ళ మీద ఇంత భారమా అని కొందరు గొణుగుతున్నారు. పని పంపకం న్యాయంగానే ఉందండీ. బాంబులు తయారుచేయడం, ఎవరి మీదకి గురిపెట్టాలో చూసుకోవడం, ముందు మనం వేయం అని 2003లో చెప్పిన మాట నిలబెట్టుకోవాలో వద్దో తేల్చుకోవడం పెద్దల పని. తలుపులు ఊడదీయడం మన పని. రేపు ఎవరైనా బతకలేదంటే సంచుల్లో మట్టి సరిగ్గా దట్టించలేదనే కదా అర్థం.

సరిహద్దు సమస్య ఒకటి మిగిలింది. ధూళి గాలితో పోతుంది, గాలి దక్షిణానికి తిరిగితే గిరిసోలా చెక్‌పోస్టు దాటి ఆంధ్రాలోకి వెళ్తుంది. దానికి ఏ రాష్ట్రం నష్టపరిహారం ఇవ్వాలి? కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ ఏళ్ళుగా కొట్టుకుంటున్నాయి. ఆ ధూళి అటు పడిన రోజు మాత్రం మీవంటే మీవని ఎంతో మర్యాదగా ఇచ్చేసుకుంటాయి.

మన వైపు పరిహారం మామూలు పద్ధతిలోనే ఉంటుందని ఆశించాలి. తుఫాను తర్వాత లాగే సర్వే చేసి, ఇల్లు పూర్తిగా పోయిందా, పాక్షికంగా పోయిందా అని రాసుకుంటారు. ఆధార్ నకలు, బ్యాంకు పాసుబుక్కు, పడిపోయిన ఇంటి ముందు దరఖాస్తుదారుడు నిలబడిన ఫొటో జతచేయాలి. హిరోషిమాలో ఒక బ్యాంకు మెట్ల మీద కూర్చున్న మనిషిది నీడ ఒక్కటే మిగిలింది, ఆ రాళ్ళని మ్యూజియంలో పెట్టారు. ఫొటోలో నీడ మాత్రమే ఉంటే దరఖాస్తు తీసుకుంటారో లేదో ముందే తహసీల్దారు ఆఫీసులో కనుక్కోవడం మంచిది. రెండో శనివారం కాకుండా చూసుకుని వెళ్ళండి.