కిలో పప్పు మీద ఎందుకంత కడుపుమంట?

మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఈ వారం అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ జైలుకెళ్లాడట, అమెరికాలో కూర్చుని వంటల పుస్తకం రాసుకుంటాడట, పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్‌కు సర్టిఫికెట్ ఇచ్చాడట, ఉచితంగా పప్పు పంచి పేదల్ని సోమరుల్ని చేసినందుకు నోబెల్ కొట్టాడట.

1983లో ఢిల్లీ జేఎన్‌యూ విద్యార్థుల ఆందోళనలో ఆయన్ని పట్టుకెళ్లి తీహార్ జైల్లో పది రోజులు పెట్టారు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు, వంటంటే ఇష్టం. అయితే ఏంటి?

మైక్రోఫైనాన్స్‌ను ఆయనా, తోటి పరిశోధకులూ పరీక్షించింది మన హైదరాబాద్‌లోనే. 104 బస్తీల్లో సగం చోట్ల అప్పులిచ్చే బ్రాంచి ముందు తెరిపించి, మిగతా సగంతో పోల్చారు. ఉన్న వ్యాపారాలు కొంత పెరిగాయి. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ ఏమీ మారలేదని 2015లో అచ్చువేశారు. ఇది సర్టిఫికెట్ ఎలా అవుతుంది?

ఇక పప్పు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ పప్పు ఇచ్చింది పిల్లలకు టీకాలు వేయించడానికి. రాజస్థాన్‌లో ఉదయపూర్ చుట్టుపక్కల 134 ఊళ్లలో జరిగిన పరీక్ష ఇది. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రాలకు పని వేళల్లో వెళ్లి చూస్తే నూటికి 56 సార్లు తాళమే. కూలి మానుకుని బిడ్డను చంకనేసుకొచ్చిన తల్లి ఆ తాళం చూసి ఎన్నిసార్లు వెనక్కి పోవాలి? సోమరులు ఎవరో మీరే చెప్పండి.

ఏమీ చేయని ఊళ్లలో పూర్తిగా టీకాలు పడిన పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పకుండా టీకాల క్యాంపు పెడితే 18. దానికి తోడు టీకాకొక కిలో పప్పు, అన్నీ పూర్తయితే స్టీలు కంచాలు ఇస్తే 39. పప్పు దండగ అంటున్నారు కదా, ఒక్కో బిడ్డకు టీకాలు పూర్తి చేయడానికి అయ్యే ఖర్చు, క్యాంపు ఒక్కటే ఉన్నప్పటి దాదాపు 56 డాలర్ల నుంచి, పప్పు తోడయ్యాక 28కి తగ్గింది. క్యాంపుకు నర్సు ఎటూ వస్తుంది, ఆమెకిచ్చే జీతంతోనే ఎక్కువమందికి సూది పడింది. ఇక సోమరితనమంటారా, ఆరు దేశాల్లో పేదలకు డబ్బిచ్చే ఏడు నగదు పథకాల లెక్కలు తిరగేసినా, డబ్బు చేతికొస్తే జనం పని మానేస్తారనడానికి ఆధారం దొరకలేదు.

ఒకటి ఒప్పుకుంటాను. పప్పు ఇచ్చాక కూడా నూటికి 61 మంది పిల్లలకు టీకాలు పూర్తి కాలేదు. ఉదయపూర్‌లో పనిచేసింది ఆదిలాబాద్‌లోనూ పనిచేస్తుందని నేను హామీ ఇవ్వలేను. తప్పు పట్టాలనుకుంటే అక్కడ పట్టండి, కూర్చుని వింటాను.