సంతకం పెట్టినంత మాత్రాన

మనవాళ్ల మొహమాటం విచిత్రమైనది. రైతుబజారులో కొత్తిమీర కట్ట కొసరు అడగడానికి ఏమాత్రం సిగ్గుపడని మనిషి, బ్యాంకు తన దగ్గర అన్యాయంగా డబ్బు లాగిందని తెలిసినా "సంతకం పెట్టింది మనమే కదా" అని ఊరుకుంటాడు. పీపీఐ వ్యవహారం నడిచినన్నాళ్లూ బ్రిటన్‌లోని మన తెలుగువాళ్ల దగ్గర నేను ఎక్కువగా విన్నది ఈ మాటే. ఇప్పుడు కార్ ఫైనాన్స్ దగ్గరా అదే వినిపిస్తోంది. అందుకే ఆ పాత కథ మళ్లీ ఎత్తుతున్నాను.

పీపీఐ అంటే పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా, ఉద్యోగం పోయినా మీ వాయిదాలు మేం కడతాం అని చెప్పి అమ్మిన బీమా. ఎక్కువగా 1990 నుంచి 2010 దాకా ఈ దేశంలో 6.4 కోట్ల దాకా పాలసీలు అమ్ముడుపోయాయి. లోన్‌తో అంటగట్టినప్పుడు కనీసం ఒక పెద్ద అంకె కంటపడేది. క్రెడిట్ కార్డు మీద అదీ లేదు. నెలనెలా కార్డు బాకీలో వంద పౌండ్లకు ఇన్ని పెన్సులని వడ్డించేవారు. 75 పెన్సులే అనుకుందాం. 1,500 పౌండ్ల బాకీ మీద నెలకు 11 పౌండ్ల 25 పెన్సులు, ఏడాదికి 135 పౌండ్లు. ఆ ప్రీమియం కూడా బాకీలోనే కలుస్తుంది. దాని మీద కార్డు వడ్డీ పడుతుంది. వచ్చే నెల ఆ పెరిగిన మొత్తం మీద మళ్లీ ప్రీమియం. స్టేట్‌మెంట్‌లో చూస్తే మాత్రం ఒక్క చిన్న వరుస, అదీ పేమెంట్ కవర్ అనో, అకౌంట్ కవర్ అనో ఏదో ఒక పెద్దమనిషి పేరుతో.

పోనీ, అవసరం పడితే ఆదుకునేదా? అంతకుముందే ఉన్న జబ్బులకు వర్తించదు. నడుంనొప్పికీ మానసిక ఒత్తిడికీ చాలా పాలసీల్లో మినహాయింపో, సవాలక్ష షరతులో ఉండేవి. సొంతంగా పని చేసుకునేవాళ్లకు ఉద్యోగం పోతే ఇచ్చే భాగం దాదాపు అలంకారమే. గడువున్న కాంట్రాక్టు ముగిసిపోతే దాన్ని ఉద్యోగం పోవడంగా చాలా బీమా కంపెనీలు లెక్కపెట్టేవి కావు. ఇప్పుడు ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చిన మనవాళ్లను గుర్తు చేసుకోండి. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని ఐటీ కాంట్రాక్టులు చేసినవాళ్లు, ఆరు నెలలకో ఊరు మారిన జూనియర్ డాక్టర్లు, పార్ట్‌టైం పనులతో నెట్టుకొచ్చిన విద్యార్థులు. ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో కుదురుకున్నవాళ్లకైతే జబ్బు చేస్తే ఆస్పత్రే నెలల తరబడి జీతం ఇస్తుంది, వేరే బీమాతో పనేముంది? అమ్మేవాడు నాలుగు ప్రశ్నలు అడిగి ఉంటే వీళ్లలో చాలామందికి ఆ పాలసీ పనికిరాదని తేలిపోయేది. అడిగితే అమ్మకం పోతుంది కాబట్టి అడగలేదు. ఇది తీసుకుంటేనే కార్డు వస్తుందన్నట్టు కొందరికి చెప్పారు. ఇంకొందరి దరఖాస్తులో ఆ గడి ముందే టిక్ పెట్టి ఉండేది.

సంతకం వాదన ఇక్కడే కూలిపోతుంది. 2005లో, జనానికి ఉచితంగా సలహాలిచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ పీపీఐ మీద సూపర్ కంప్లైంట్ వేసింది, అంటే వినియోగదారులందరి తరఫున అధికారిక ఫిర్యాదు. 2010లో నియంత్రణ సంస్థ, ఫిర్యాదులను ఎలా పరిష్కరించాలో నిబంధనలు తెస్తే బ్యాంకుల సంఘం హైకోర్టుకెక్కి, 2011 ఏప్రిల్‌లో ఓడిపోయింది. ఆ ఏడాది నుంచి 2019 చివరి దాకా జనానికి తిరిగొచ్చింది 38 బిలియన్ పౌండ్ల పైమాటే. ఆ డబ్బు అందుకున్నవాళ్లలో సంతకం పెట్టనివాళ్లెందరు? చట్టం చూసింది వేలిముద్రనో సంతకాన్నో కాదు, ఆ సంతకం పెట్టించిన పద్ధతిని.

ఇంకో అడుగు ముందుకేసింది 2014 నాటి ప్లెవిన్ కేసు. అది కార్డు కాదు, లోన్. 34,000 పౌండ్ల అప్పుతో పాటు 5,780 పౌండ్ల పీపీఐ అమ్మారు. అందులో బీమా కంపెనీకి చేరింది 1,630 పౌండ్లు. మిగతా 4,150, అంటే 71.8 శాతం, బ్రోకరూ అప్పిచ్చిన సంస్థా కమీషన్‌గా పంచుకున్నారు. కొన్న ప్లెవిన్ అనే ఆవిడకు ఆ లెక్క చెప్పలేదు. అలా చెప్పకపోవడమే అన్యాయమని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత ఆర్థిక సంస్థలను నియంత్రించే ఎఫ్‌సీఏ గీసిన గీత ఇది: దాచిన కమీషన్ 50 శాతం దాటితే, దాటినంత వెనక్కి ఇవ్వాల్సిందే, పాలసీ సవ్యంగా అమ్మినా సరే.

బ్యాంకుకు ఫిర్యాదు చేసుకునే గడువు 2019 ఆగస్టు 29తో అయిపోయింది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ బొమ్మ తలకాయ టీవీలో రెండేళ్లు అరిచి మరీ చెప్పింది. కోర్టు దారి మాత్రం పూర్తిగా మూసుకుపోలేదు. 2023లో ఆర్‌బీఎస్ బ్యాంకు మీద వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు సరిగ్గా క్రెడిట్ కార్డు పీపీఐ గురించే. ఆ కేసు వేసినావిడ పీపీఐ 2006లోనే ఆగిపోయినా కార్డు 2015 దాకా నడిచింది కాబట్టి, ఆరేళ్ల గడువును కార్డు ఒప్పందం ముగిసిన నాటి నుంచే లెక్కించాలన్నారు. పాత కార్డు ఇంకా వాడుతున్నవాళ్లు ఇది గమనించాలి. కాకపోతే కోర్టు ఫీజులు, లాయరు ఖర్చులు ఉంటాయి. చిన్న మొత్తమైతే వెళ్లమని నేను చెప్పను.

నాకు నిజంగా కోపం తెప్పించేది బ్యాంకులు కూడా కాదు, ఆ తర్వాత దిగిన క్లెయిమ్ కంపెనీలు. ఫిర్యాదుకు బ్యాంకు ఎనిమిది వారాల్లో జవాబివ్వాలి, నచ్చకపోతే ఇలాంటి తగాదాలు తీర్చే ఆంబుడ్స్‌మన్ దగ్గరకు పైసా ఖర్చు లేకుండా వెళ్లొచ్చు. ఆ కాస్త ఉత్తరం రాసిపెట్టి ఈ కంపెనీలు పాతిక, ముప్ఫై శాతం కోసుకున్నాయి. 2018 జూలైలో గానీ దాన్ని 20 శాతానికీ, పైన వ్యాట్‌కీ కట్టడి చేయలేదు. బ్యాంకును అడగడానికి మొహమాటపడిన మన పెద్దమనుషులే వీళ్లకు మారు మాట్లాడకుండా సంతకాలు పెట్టారు!

ఇప్పుడు కార్ల వంతు. కారు అప్పు ఇప్పించినందుకు డీలరు తీసుకుని దాచిన కమీషన్ల మీద 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చాలా వాదనలు కొట్టేసింది గానీ, కమీషన్ అప్పు ఖర్చులో 55 శాతమున్న ఒక కేసులో ప్లెవిన్ దారినే నడిచింది. దాంతో ఆ అక్టోబరులో ఎఫ్‌సీఏ 2007 ఏప్రిల్ నుంచి 2024 నవంబరు దాకా చేసుకున్న ఒప్పందాలకు పరిహార పథకం ప్రతిపాదించింది. పీసీపీ అనే వాయిదాల ఒప్పందం మీద కారు కొనని తెలుగు ఇల్లు ఇక్కడ ఎన్ని ఉంటాయి? అడగడానికి ఏజెంటు అక్కర్లేదని ఎఫ్‌సీఏయే చెబుతోంది. పాత కాగితాలు పోయుంటే, మీ వివరాలన్నీ పంపమని ఫైనాన్స్ కంపెనీని ఉచితంగా అడగొచ్చు. 2018లో డేటా చట్టం మారినప్పటి నుంచి అది మీ హక్కు.

సంఘం కమిటీకి ఒక విన్నపం. క్లెయిమ్ కంపెనీల ప్రకటనలు ఈ పత్రికలో వేయకండి, పండగ వేదికల మీద వాళ్లకు స్టాల్ ఇవ్వకండి. ఉగాదికి ఎలాగూ హాలు తీసుకుంటాం. ఒక మూల ఒక బల్ల, ఒక లాప్‌టాప్, ఇంగ్లీషు ఉత్తరం రాయగల ఇద్దరు పిల్లలు ఉంటే మధ్యాహ్నం భోజనాల వేళకు చాలామంది పని అయిపోతుంది. ప్రకటనల డబ్బు తగ్గుతుందంటారా, సభ్యత్వం ఐదు పౌండ్లు పెంచండి. నేను ముందే కట్టేస్తాను.